సన్న వైరు తొక్క తీయడానికి ఏ స్ట్రిప్పర్?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో. ఆఫీసయ్యాక ఇంట్లో కూర్చుని చిన్న చిన్న సెన్సర్ బోర్డులు చేసుకుంటుంటా. వైరు తొక్క తీసినప్పుడల్లా రెండు మూడు పోగులు దాంతోపాటే ఊడొచ్చేస్తున్నాయి, మిగిలినవి సోల్డర్ పెట్టిన వారానికే మొదట్లో తెగిపోతున్నాయి. ఆటోమేటిక్ స్ట్రిప్పర్ కొంటే తీరుతుందా?

జవాబు: తీరదు తమ్ముడూ, ఆ డబ్బులు దాచుకో. నొక్కగానే తొక్క ఊడిపోయే ఆ ఆటోమేటిక్‌ది ఇంటి వైరింగ్ చేసేవాళ్లకి భలే హాయి, కానీ మామూలుగా దొరికేవాటిలో చాలావరకు 24 గేజ్ దగ్గరే ఆగిపోతాయి (గేజ్ అంటే వైరు లావు కొలత, నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం), నువ్వు వాడేది 28, 30 అయ్యుంటుంది. అంత సన్నదాన్ని పెడితే జారిపోతుంది, లేదంటే పట్టుకున్నచోట తొక్క నలిగిపోతుంది.

అసలు సంగతి ఏంటంటే నీ వైరు తెగేది ఒక్క సోల్డర్ వల్లే కాదు, ముందు స్ట్రిప్పర్ పెట్టిన గాటు వల్ల. రిబ్బన్ కేబుల్ (పక్కపక్కనే అతికించిన వైర్ల పట్టీ) సంగతే చూడు, 28 గేజ్‌ది, లోపల ఏడు పోగులుంటాయి, ఒక్కోటి 0.127 మిల్లీమీటర్లు. రెండు పోయాయంటే నాలుగో వంతుకి పైగా రాగి పోయినట్టేగా, దానికితోడు సోల్డర్ పోగుల మధ్యలోంచి పైకి పాకి అక్కడ వైరు పుల్లలా బిగుసుకుపోతుంది, సరిగ్గా ఆ అంచు దగ్గరే వంగి వంగి తెగుతుంది.

నీకు కావాల్సింది వరసగా చిన్న చిన్న రంధ్రాలుండే ప్లయర్, ఒక్కో గేజ్‌కి ఒక్కో రంధ్రం, 20 నుంచి 30 వరకు ఉన్నది చూడు. హాకో వాళ్ల సీఎస్‌పీ-30-1 అలాంటిదే. స్క్రూ తిప్పి సెట్ చేసుకునే చవకరకం వద్దు, ఇంకొంచెం బిగిద్దామా వద్దా అనుకునేలోపే రాగి తెగుంటుంది, నేనూ కొత్తలో దాంతోనే మొదలెట్టి ఎన్ని వైర్లు పాడుచేశానో లెక్కలేదు.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్‌కి వెళ్తే గేజ్ అన్నప్పుడు కాస్త జాగ్రత్త. మన షాపుల్లో 7/36, 14/36 అని అమ్మే వైరులో ముందుది పోగుల సంఖ్య, తర్వాతది ఒక్కో పోగు ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ గేజ్. ప్లయర్ మీదుండేది ఎక్కువగా ఏడబ్ల్యూజీ, అంటే అమెరికన్ గేజ్. రెండూ ఒకటి కాదు, 30 ఏడబ్ల్యూజీ అంటే 0.255 మిల్లీమీటర్లు, 30 ఎస్‌డబ్ల్యూజీ అంటే 0.315. ఇంకోటి, ఒకే గేజ్‌లో ఒంటి తీగ కన్నా పోగుల వైరు కొంచెం లావుంటుంది, అందుకే కొన్ని ప్లయర్ల మీద రెండు వరసల నంబర్లుంటాయి, నువ్వు చూడాల్సింది పోగుల వైరు వరస.

నీ వైరు ముక్క జేబులో వేసుకెళ్లు, షాపువాణ్ణి అడిగి అక్కడే తీసి చూడు. అనుమానముంటే ఒక సైజు పెద్ద రంధ్రంతో మొదలెట్టు, నొక్కి, కొంచెం అటూ ఇటూ తిప్పి, నిదానంగా లాగు. తర్వాత ఫోన్ కెమెరా జూమ్ చేసి పోగులు లెక్కపెట్టుకో, ఏడూ ఉండి, మొదట్లో గాటు పడ్డట్టు మెరిసే గీత లేదంటే నిక్షేపంగా కొనెయ్. ఆదివారం మాత్రం వెళ్లకు, చాలా షాపులు మూసేసుంటాయి.

లైటర్‌తో కాల్చి గోరుతో లాగడం చూశా చాలామంది దగ్గర, ఆ మసి పట్టిన రాగికి సోల్డర్ అతకదు. టెఫ్లాన్ వైరైతే అసలే కాల్చకు, ఎక్కువ వేడికి వచ్చే పొగ మంచిది కాదు, పైగా అది జారుడు తొక్క కాబట్టి దానికి ప్లయర్ బ్లేడు పదునుగా ఉండాలి. ఇక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే, తొక్క బదులు పల్చటి పూత ఉండే ఎనామెల్ తీగకి ఈ స్ట్రిప్పర్లేవీ పనికిరావు, సన్న ఎమరీ కాగితంతో రుద్దుకోవడమే.