జీతం పెంచుతామన్నా పైలట్లు 'నో' అంటున్నారు, మరి మా అబ్బాయిని ఈ లైన్లోకి పంపొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మేం అమెరికాలో సెటిలయ్యాం, మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కాలేజీలో ఏవియేషన్ సెకండియర్. పెద్ద కంపెనీల కోసం చిన్న విమానాలు నడిపే ఒక రీజనల్ ఎయిర్‌లైన్ కేడెట్ ప్రోగ్రాంలో, అంటే చదువుతుండగానే కాబోయే పైలట్లని ఎంచుకునే పథకంలో, సెలెక్ట్ అయ్యాడు. వాడికి ఫ్లయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు, సీనియర్ స్నేహితులు ఇప్పుడు ఒకటే చర్చ, ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో యూనియన్‌కీ మేనేజ్‌మెంట్‌కీ మధ్య కొత్త కాంట్రాక్ట్ కుదిరిందట, పైలట్లు ఓటెయ్యాలట, జీతం బాగానే పెంచుతున్నా చాలామంది నో వెయ్యమంటున్నారట. అంత జీతం ఇస్తామన్నా వద్దంటున్నారంటే లోపల ఏదో గొడవ ఉన్నట్టే కదా? స్ట్రైక్ అయితే కొత్తగా చేరినవాళ్ళ గతేంటి? ట్రైనింగ్‌కి లోన్ తీసుకునే ముందు మీ మాట కావాలి.

జవాబు:

నమస్తే అండి. లోన్ తీసుకునే ముందు అడిగారు, చాలా మంచి పని చేశారు, ఎందుకంటే ఈ ట్రైనింగ్ ఖర్చు చాలాసార్లు లక్ష డాలర్లు దాటుతుంది. పైలట్లు వాదించుకుంటున్నారు కాబట్టి ఉద్యోగం చెడ్డది అనుకోకండి. వాళ్ళు ఏ విషయం మీద వాదించుకుంటున్నారో మీ బాబు కూర్చుని వింటే, ఏ కాలేజీలోనూ చెప్పని పాఠం ఫ్రీగా దొరుకుతుంది. నా అభిప్రాయం అయితే ఇప్పుడే చెప్పేస్తా, ఎయిర్‌లైన్ ఎంచుకునేటప్పుడు గంటకి ఎంతిస్తున్నారు అనేది మూడోదో నాలుగోదో చూడాల్సిన విషయం, మొదటిది కాదు.

ముందు ఈ ఓటు సంగతి. యూనియన్ తరఫున నెగోషియేటింగ్ కమిటీ మేనేజ్‌మెంట్‌తో కూర్చుని ఒక ఒప్పందానికి వస్తుంది, దాన్ని టెంటెటివ్ అగ్రిమెంట్ అంటారు, పైలట్లు పొట్టిగా టీఏ అంటారు. అది యూనియన్ నాయకుల బోర్డు దాటి, తర్వాత మెంబర్ల ఓటుకి వెళ్తుంది, మెజారిటీ ఎస్ అంటేనే కాంట్రాక్ట్. యునైటెడ్, డెల్టా, అలాస్కా లాంటి చోట్ల యూనియన్ అల్పా (ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్), 1931లో పుట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకి అలైడ్ పైలట్స్ అసోసియేషన్, సౌత్‌వెస్ట్ వాళ్ళకి స్వాపా అని సొంత యూనియన్లు ఉన్నాయి.

నో అనడం కొత్తేం కాదు. 2022 నవంబర్‌లో యునైటెడ్ పైలట్లు ఒక టీఏని 94 శాతం ఓట్లతో తిప్పికొట్టారు, అందులో 18 నెలల్లో 14.5 శాతం పైగా పెంపు ఉంది మరి. అదే నెలలో అమెరికన్‌లో అయితే మెంబర్ల దాకా రాకుండానే యూనియన్ బోర్డే 15-5తో పక్కన పెట్టేసింది. తర్వాత ఏమైంది? 2023 మార్చిలో డెల్టా పైలట్లు 78 శాతంతో ఓకే చేసిన కాంట్రాక్ట్‌లో 2026 కల్లా మొత్తం 34 శాతం పెంపు వచ్చింది, దాంతో మిగతా కంపెనీలన్నీ ఆ లెవెల్‌కి రాక తప్పలేదు, 2023 సెప్టెంబర్‌లో యునైటెడ్ వాళ్ళకి కాంట్రాక్ట్ కాలంలో 40 శాతం దాకా వచ్చింది, ఈసారి 82 శాతం ఎస్. యునైటెడ్ డీల్ బయటికి రాగానే అమెరికన్ పైలట్లు మాకూ అంతే కావాలన్నారు, మేనేజ్‌మెంట్ అప్పటికే కుదిరిన ఒప్పందాన్ని మళ్ళీ తెరిచి డబ్బు పెంచింది. ఒక చోట కుదిరిన రేటు పక్కవాళ్ళకి కనీస రేటు అవుతుంది, పైలట్లు దీన్ని ప్యాటర్న్ బార్గెయినింగ్ అంటారు. డెల్టా కాంట్రాక్ట్‌లో అయితే యునైటెడ్, అమెరికన్ రేట్ల కన్నా ఒక శాతం పైన ఉండాలని క్లాజే రాయించుకున్నారు.

అయితే నో అంటే ప్రతిసారీ లాభం వస్తుందని అనుకోకండి, ఈ మాట నో బ్యాచ్‌లో చాలామంది కొత్తవాళ్ళకి చెప్పరు. 2023 జులైలో ఫెడెక్స్ పైలట్లు 57 శాతంతో ఒక టీఏని కొట్టేశారు, దాంట్లో 30 శాతం జీతం పెంపు ఉంది. ఆ తర్వాత కార్గో మార్కెట్ చల్లబడింది, మధ్యవర్తి దగ్గరికి వెళ్ళి చర్చలు ఏళ్ళ తరబడి సాగాయి, ఆ టైమంతా పాత రేట్లే. మార్కెట్ వేడిగా ఉన్నప్పుడు నో అనడం వేరు, చల్లబడ్డాక అనడం వేరు.

అసలు ఒకే పేపర్ చదివి ఒకరు ఎస్ ఒకరు నో ఎందుకంటారు? ఎందుకంటే పైలట్ జీవితం మొత్తం ఒక నంబర్ మీద నడుస్తుంది, సీనియారిటీ నంబర్. చేరిన తేదీ బట్టి లిస్టులో ప్లేస్ వస్తుంది, ఏ విమానం నడపాలి, ఏ ఊరు బేస్, పండక్కి ఇంట్లో ఉంటాడా హోటల్లో ఉంటాడా, కెప్టెన్ ఎప్పుడవుతాడు, అన్నీ ఆ నంబరే చెప్తుంది. ఎంత బాగా నడుపుతాడు అనేదానికి ఇందులో మార్కుల్లేవు. ఇప్పుడు లిస్టు పైన 62 ఏళ్ళ కెప్టెన్ ఉన్నాడనుకోండి, 65కి రిటైర్ అవ్వాలని రూల్, అతనికి మిగిలింది మూడేళ్ళు, ఇప్పుడే ఎక్కువ రేటు, రిటైర్‌మెంట్ అకౌంట్‌లో కంపెనీ వేసే శాతం పెరగాలి, ఇంకో ఏడాదిన్నర చర్చలంటే అతనికి ఆ డబ్బు పోయినట్టే, కాబట్టి ఎస్. అదే లిస్టులో అడుగున రిజర్వ్‌లో (కంపెనీ పిలిచినప్పుడే డ్యూటీ) ఉన్న 28 ఏళ్ళ కోపైలట్, అంటే ఫస్ట్ ఆఫీసర్‌కి ముందు 37 ఏళ్ళ సర్వీసుంది, ఈ కాంట్రాక్ట్‌లో రిజర్వ్ రూల్స్ బాగోకపోతే పెళ్ళాం పిల్లలతో గడిపే రోజులు పోతాయి, వాడు నో అంటాడు. వేరే ఊళ్ళో ఉండి బేస్‌కి ఫ్లైట్ ఎక్కి వచ్చే కమ్యూటర్ ఇంకో పేజీ చూస్తాడు. ముగ్గురూ కరెక్టే అండి, ఎవరి లెక్క వాళ్ళది. అందుకే మీ బాబు ఎవరి అభిప్రాయం విన్నా ముందు అడగాల్సింది, మీరు లిస్టులో ఎక్కడున్నారు, ఇంకా ఎన్నేళ్ళు సర్వీసుంది అని.

ఇంకోటి, పాత పైలట్లలో కొంతమంది మేనేజ్‌మెంట్ ఏం చెప్పినా నమ్మరు, దానికి కారణం ఉంది. 2001 తర్వాత వరసగా దివాలాలు వచ్చాయి, యునైటెడ్ 2002 డిసెంబర్‌లో, డెల్టా 2005 సెప్టెంబర్‌లో కోర్టుకెళ్ళాయి, జీతాలు కోసేశారు, ఆ రెండు చోట్లా పైలట్ల పెన్షన్ ప్లాన్లు రద్దయ్యాయి. ముప్ఫై ఏళ్ళు పనిచేసి అనుకున్న పెన్షన్ కళ్ళముందే పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోపం మీ బాబుకి మరీ ఎక్కువగా అనిపించొచ్చు, కానీ వినమనండి, మర్యాదగా వినమనండి.

ఇక గంట రేటు గురించి. పైలట్‌కి జీతం సాధారణంగా విమానం గేట్ నుంచి కదిలిన దగ్గర్నుంచి అవతల గేట్‌లో ఆగేదాకా లెక్క. ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు గంటలు డిలేలో కూర్చుంటే? దానికి ఏమిస్తారు అనేది కాంట్రాక్ట్‌లో రిగ్ అనే సెక్షన్ చెప్తుంది. ఒక ఉదాహరణ చెప్తా చూడండి, నాలుగు రోజుల ట్రిప్, బేస్ వదిలి మళ్ళీ వచ్చేదాకా 84 గంటలు, అందులో ఫ్లయింగ్ మాత్రం 15 గంటలే. రిగ్ లేకపోతే 15 గంటల జీతమే. బయట ఉన్న ప్రతి మూడున్నర గంటలకి ఒక గంట జీతం అని రిగ్ ఉంటే 24 గంటల జీతం. గంటకి 100 డాలర్లు అనుకుంటే మొదటిది 1500, రెండోది 2400. ఇప్పుడు మొదటి కంపెనీ మేం రేటు పది శాతం పెంచాం అని డప్పు కొట్టినా 1650 దగ్గరే ఆగుతుంది. అందుకే పర్సెంటేజీలు చూసి ఇంత ఇస్తున్నా నో అంటారా అని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు, లోపలివాళ్ళు రిగ్ పేజీ తీసి చూస్తారు.

దానికన్నా మీ బాబుకి ముఖ్యమైంది రిజర్వ్, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను ఎందుకంటే చేరగానే వాడు ఉండేది అక్కడే. రిజర్వ్ అంటే ఫిక్స్‌డ్ షెడ్యూల్ ఉండదు, కంపెనీ ఫోన్ చేస్తే వెళ్ళాలి. షార్ట్ కాల్ అయితే కొద్ది గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, ఫెడరల్ రూల్ ప్రకారం ఒక షార్ట్ కాల్ పీరియడ్ 14 గంటల దాకా ఉండొచ్చు, లాంగ్ కాల్ అయితే ముందుగా టైం ఇస్తారు, ఇంట్లో ఉండి వెళ్ళొచ్చు. మీ బాబు ఇల్లు ఒక రాష్ట్రంలో బేస్ ఇంకో రాష్ట్రంలో అయితే షార్ట్ కాల్ రోజుల్లో బేస్ ఊళ్ళోనే పడుండాలి, అంటే నలుగురైదుగురు పైలట్లు పంచుకునే క్రాష్ ప్యాడ్‌కి అద్దె కట్టాలి, ఫోన్ మోగకపోయినా సరే ఇంటికి వెళ్ళడానికి లేదు. కాబట్టి షార్ట్ కాల్ ఎన్ని ఇవ్వొచ్చు, రిజర్వ్ వాడికి నెలకి గ్యారంటీ ఎన్ని గంటలు, ఆఫ్ రోజుని కంపెనీ లాక్కోవచ్చా, లాక్కుంటే ఏమిస్తారు, ఇవన్నీ ఏడాదికి ఐదు వేలు ఎక్కువా తక్కువా అనేదానికన్నా ఎక్కువ ప్రభావం చూపిస్తాయి.

ఇది సుఖం గురించి మాత్రమే కూడా కాదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ అనే రీజనల్ ఎయిర్‌లైన్ విమానం, ఫ్లైట్ 3407, కూలి 50 మంది చనిపోయారు. దర్యాప్తులో కోపైలట్ ఆ ముందు రాత్రి సియాటిల్ నుంచి నెవార్క్‌కి కమ్యూట్ చేసి వచ్చిందని, రీజనల్ జీతాలు ఎంత తక్కువో దేశమంతా తెలిసింది. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే 1500 గంటల ఫ్లయింగ్ ఉండాలనే రూల్, 2014 నుంచి అమల్లో ఉన్న డ్యూటీకి ముందు 10 గంటల రెస్ట్ రూల్, ఈ ప్రమాదం తర్వాత వచ్చినవే. ప్రభుత్వ రూల్ కనీసం ఎంత ఉండాలో చెప్తుంది, అంతకన్నా ఎక్కువ రెస్ట్, అలసిపోయాను నడపలేను అని చెప్పినవాడికి జీతం కొయ్యకుండా రక్షణ, ఇవి కాంట్రాక్ట్‌లోనే దొరుకుతాయి. పైలట్లు దీనికోసం వాదించుకుంటున్నారంటే నాకు సంతోషమే.

స్ట్రైక్ భయం గురించి అడిగారు. ఇక్కడ విమానయానానికి రైల్వే లేబర్ యాక్ట్ వర్తిస్తుంది, 1926 చట్టం, 1936లో ఎయిర్‌లైన్స్‌ని కలిపారు. దీని ప్రకారం కాంట్రాక్ట్ ఎక్స్‌పైర్ అవ్వదు, అమెండబుల్ అవుతుంది, అంటే కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. సౌత్‌వెస్ట్ పైలట్ల కాంట్రాక్ట్ 2020లో అమెండబుల్ అయితే కొత్తది ఓటు దాటింది 2024 జనవరిలో. స్ట్రైక్ చెయ్యాలంటే మధ్యవర్తిత్వం చేసే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డు ఇక చర్చలు చాలని వదిలిపెట్టాలి, తర్వాత 30 రోజులు ఆగాలి, దాన్ని కూలింగ్ ఆఫ్ అంటారు, ఆ తర్వాత కూడా ప్రెసిడెంట్ ఆపొచ్చు, 1997లో అమెరికన్ పైలట్ల స్ట్రైక్ మొదలైన నిమిషాల్లోనే క్లింటన్ ఆపేశారు. 2023లో అమెరికన్, సౌత్‌వెస్ట్ పైలట్లు 99 శాతం స్ట్రైక్‌కి ఎస్ అని ఓటేశారని న్యూస్‌లో చూసి చాలామంది తల్లిదండ్రులు కంగారుపడ్డారు, ఒక్క రోజు కూడా స్ట్రైక్ జరగలేదు. అలా ఓటెయ్యడం బేరంలో ఒక భాగం. టీఏ ఓడిపోయినా అంతే, మర్నాడు అందరూ మామూలుగా డ్యూటీకి వెళ్తారు.

మీరు నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. కాంట్రాక్ట్ ఎంత బాగున్నా కంపెనీ బతకాలి. స్పిరిట్ చూడండి, 2024 నవంబర్‌లో దివాలా, మళ్ళీ 2025 ఆగస్టులో దివాలా, పైలట్లని ఫర్లోలో, అంటే జీతం లేని సెలవులో, పెట్టారు, ఫర్లో ఎప్పుడూ లిస్టు అడుగు నుంచే మొదలవుతుంది. అక్కడ పదేళ్ళు చేసిన కెప్టెన్ ఇంకో ఎయిర్‌లైన్‌కి వెళ్తే మళ్ళీ అడుగున కొత్త నంబర్, ఫస్ట్ ఇయర్ జీతం. సీనియారిటీ వెంట తీసుకెళ్ళే వీల్లేదు కాబట్టి ఎక్కడ చేరుతున్నాం అనేది, ఎంతకి చేరుతున్నాం అనేదానికన్నా బరువైన నిర్ణయం.

ఇక మీ బాబు కేడెట్ ప్రోగ్రాం. సంతకం పెట్టే ముందు బోనస్ పేపర్లు చదవండి, రీజనల్స్ ఇచ్చే బోనస్‌కి చాలాసార్లు ఇన్నేళ్ళు పనిచెయ్యాలి లేకపోతే తిరిగి కట్టాలి అనే షరతు ఉంటుంది. పెద్ద ఎయిర్‌లైన్‌కి ఫ్లో, అంటే రీజనల్ నుంచి నేరుగా అక్కడికి వెళ్ళే దారి, ఉందని చెప్తే నెలకి ఎంతమందిని తీసుకుంటారు, హైరింగ్ ఆగితే ఏమవుతుంది అని రాతలో అడగండి. పెద్ద ఎయిర్‌లైన్ కాంట్రాక్ట్‌లో స్కోప్ క్లాజ్ అని ఉంటుంది, రీజనల్ వాళ్ళు ఎంత పెద్ద విమానం, ఎన్ని విమానాలు నడపొచ్చో అదే తేలుస్తుంది, పెద్ద మూడు కంపెనీల్లో ఇది 76 సీట్ల దగ్గర ఆగింది, అంటే వాళ్ళ ఓటు మీ బాబు చేరబోయే రీజనల్ భవిష్యత్తుని కూడా తాకుతుంది. లాంగ్ టర్మ్ డిసెబిలిటీ పేజీ కూడా వదలొద్దు, మెడికల్ సర్టిఫికెట్ పోతే పైలట్ ఉద్యోగం ఆగిపోతుంది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఎవరూ ఆ పేజీ తియ్యరు, మీరు తీయించండి.

నా సలహా, ట్రైనింగ్‌కి వెళ్ళనివ్వండి, ఫస్ట్ క్లాస్ మెడికల్, అంటే ఎయిర్‌లైన్ పైలట్లకి కావాల్సిన ఆరోగ్య పరీక్ష, ముందే చేయించి లోపాలేం లేవని తేలాకే లోన్ సంతకం పెట్టండి, డిగ్రీ మాత్రం మానొద్దు, అర్హత ఉన్న ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1500 బదులు 1000 గంటలకే రెస్ట్రిక్టెడ్ ఏటీపీ అనే ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్ దొరికే వీలుంది, వాడి కాలేజీకి ఆ అప్రూవల్ ఉందో లేదో అడ్మిషన్ ఆఫీస్‌లో కనుక్కోండి. కేడెట్ ప్రోగ్రాం ఇచ్చిన రీజనల్ పైలట్ కాంట్రాక్ట్ కాపీ, మీ ఊరికి దగ్గర బేస్ ఉన్న ఇంకో రీజనల్ కాంట్రాక్ట్ కాపీ, రెండూ సంపాదించమనండి, రిజర్వ్, రిగ్, డిసెబిలిటీ, ఈ మూడు సెక్షన్లు వాడే చదివి ఒక పేజీలో తేడా రాయాలి, మీరు రాసిపెట్టొద్దు. ఆ పేజీ, బోనస్ పేపర్లు నాకు పంపండి, చూసి ఏ ప్రోగ్రాం అనేది అప్పుడు చెప్తాను.