డార్క్ జాజ్ మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఒకసారి మామూలుగా చదివాను. రాత్రి ఆ సంగీతం పెట్టుకుని మళ్లీ చదివాను. నీకు డార్క్ జాజ్ అంటే, చాలా నిదానంగా, ముసురు పట్టినట్టు సాగే ఆ జాజ్ అంటే, ప్రాణమని ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. కానీ ఎన్నడూ వినని మనిషికి అది ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. మొదటి పేజీలోనే వాన, ఖాళీ వీధి, సిగరెట్ పొగ, ఒంటరి మనిషి అందరూ వచ్చేశారు. సాక్సఫోన్ మూడో పేజీ దాకా రాలేదు.

ఇదే పొరపాటు నేనూ చేశాను. ఈ సంగీతం మీద నేను రాసిన మొదటి వ్యాసంలో ‘చీకటి’ అన్న మాట కనిపించిన చోటల్లా ఒక సంపాదకుడు పెన్సిల్‌తో సున్నా చుట్టి వెనక్కి పంపాడు. కాగితం నిండా సున్నాలే. ఆ మాట తీసేసి చూస్తే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

‘సినిమాలా ఉంటుంది’ అని నాలుగు చోట్ల రాశావు. ఆ సినిమా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించు. ఫిల్మ్ నోయిర్, అంటే నీడలు నిండిన ఆ పాత హాలీవుడ్ నేర సినిమాలు, అనగానే మనకు సాక్సఫోన్ గుర్తొస్తుంది. కానీ 1940ల నాటి ఆ నేర కథల వెనక ఎక్కువగా మోగింది పెద్ద ఆర్కెస్ట్రాలే. జాజ్ తర్వాత వచ్చి చేరింది. 1957 డిసెంబరులో పారిస్‌లో జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్, ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ తీసిన సినిమాలోని దృశ్యాలను తెర మీద చూస్తూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ ట్రంపెట్ వాయించాడు. రాత్రి నగరంలో ఒక స్త్రీ ప్రియుణ్ణి వెతుక్కుంటూ నడుస్తుంటుంది. ఆ ట్రంపెట్ కూడా ఆమె నడకలోనే సాగుతుంది. 1976లో వచ్చిన ‘టాక్సీ డ్రైవర్’కు బెర్నార్డ్ హెర్మన్ సాక్సఫోన్ వాడాడు. 1990లో ‘ట్విన్ పీక్స్’ సీరియల్‌కు ఏంజెలో బడలమెంటి సంగీతం వచ్చింది. ఇలా వింటూ వింటూ మన చెవికి అలవాటైపోయింది. మెల్లగా ఒక సాక్సఫోన్ మొదలైతే చాలు, తడిసిన రోడ్డు మనమే వేసుకుంటాం. అంటే నువ్వు రాసిన వాన ఆ పాటలోది కాదు, నీ జ్ఞాపకంలోది. మరి పాటలో ఏముంది? అది రాయాలి నువ్వు.

బోరెన్ ఉండ్ డెర్ క్లబ్ ఆఫ్ గోర్ అనే బృందాన్నే తీసుకో. జర్మనీలో మ్యూల్‌హైమ్ కుర్రాళ్లు. మొదట్లో హార్డ్‌కోర్ అనే వేగమైన, గట్టి రాక్ వాయించినవాళ్లు. డూమ్ మెటల్ అనే రాక్ సంగీతంలోని బరువైన నిదానాన్ని తెచ్చి జాజ్ వాయిద్యాల చేతికిచ్చారు. గిటారిస్టు వెళ్లిపోయాక ఆ స్థానంలోకి సాక్సఫోన్ వచ్చింది. 2002లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘బ్లాక్ ఎర్త్’ పెట్టుకుని డ్రమ్స్ ఒక్కటే విను. ఒక దెబ్బ పడుతుంది. సింబల్ మోత సన్నగిల్లుతుంది. ఇక రెండో దెబ్బ పడాలి అనిపిస్తుంది, పడదు. నీకు తెలియకుండానే ఒళ్లు ముందుకు వంగుతుంది. ఆ తర్వాత పడుతుంది. నువ్వు ‘భయం’ అని రాసింది ఈ ఆలస్యాన్నే. ఏ ఘోరమూ జరగలేదు, జరగాల్సింది కాస్త ఆలస్యమైంది. టెన్షన్ అంతా అక్కడే ఉంది.

రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో గురించి ‘కలలాంటి ధ్వని’ అన్నావు. లోపల చిన్న సుత్తి ఒక లోహపు పుల్లను కొడుతుంది. అందుకే ముందు గంటలా మోగి, తర్వాత మెత్తగా కరిగిపోతుంది. ఇది తెలిశాక ‘కల’ అనే మాట అవసరం రాదు. కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, వాటి సంగతీ అంతే. ఇంటి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడిన మనిషిలా, అవి ముగింపు దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. అడుగున డార్క్ ఆంబియెంట్ తరహా, అంటే రాగం, తాళం లేకుండా మసకగా పరుచుకునే, హోరు ఒకటి తెగకుండా సాగుతుంది కాబట్టి, వాయిద్యాలన్నీ ఆగినా పాట ఆగినట్టు అనిపించదు.

సినిమా పోలిక నిజంగా కుదిరే చోటు ఒకటుంది, దాన్ని వదిలేశావు. నెదర్లాండ్స్‌కు చెందిన కిలిమంజారో డార్క్‌జాజ్ ఎన్సెంబుల్ అనే బృందం 2000లో మొదలైందే ‘నోస్ఫెరాటు’, ‘మెట్రోపాలిస్’ లాంటి మూకీ సినిమాలకు కొత్తగా సంగీతం కట్టడానికి. మాటలు లేని తెర ముందు కూర్చుని నేర్చుకున్న సంగీతం అది. ఎవరూ మాట్లాడని చోట ఎంత వాయించాలో, ఎప్పుడు చేతులు వెనక్కి తీసుకోవాలో వాళ్లు అక్కడ తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇది చదువుకునేటప్పుడో, నిద్రపోయే ముందో వెనకాల పెట్టుకునే సంగీతమని కొందరంటారు. నువ్వూ ఒక చోట అలాగే రాశావు. నాకు మనసొప్పదు. ఇంత తక్కువ వాయించేవాళ్లు ప్రతి స్వరాన్నీ వినమనే అడుగుతున్నారు.

అందుకని ఒక పని చెయ్యి. ఒక్క పాట ఎంచుకో, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఏది వచ్చింది, ఏది ఆగింది, ఆగాక ఎంతసేపు ఏమీ లేదు, ఇవే రాసుకో. విశేషణం రాయబోతే ఆ చోట వాయిద్యం పేరు రాయి. వాక్యాలు పొట్టిగా వస్తే రానివ్వు, పాట కూడా అలాగే ఉంది కదా. ఎనిమిది పేజీలు మూడవుతాయేమో, దిగులు పడకు.

తిరగరాసి పంపు. రెండో పేరాలో డ్రమ్ మీద బ్రష్షు తిప్పడాన్ని ‘ఎవరో గది ఊడుస్తూ మధ్యలో ఆగి విన్నట్టు’ అన్నావే, ఆ వాక్యం మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య