మోటారు తిరుగుతోంది, క్యాసెట్ తిరగడం లేదు

ప్రశ్న: మా నాన్నగారు పాడిన కీర్తనలు 1994 నాటి సి-60 (అరవై నిమిషాల) క్యాసెట్‌లో ఉన్నాయి. పాత వాక్‌మన్‌లో ప్లే నొక్కితే మోటారు చప్పుడు వస్తోంది గానీ చక్రాలు కదలడం లేదు. టేపు అంచున తెల్లటి పొడిలా కూడా కనిపిస్తోంది. నాన్నగారి గొంతు పోకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఆ క్యాసెట్‌ను ఇప్పుడే ఏ ప్లేయర్‌లోనూ పెట్టకండి. వాక్‌మన్ బాగయ్యాక, పాడైపోయినా బాధలేని క్యాసెట్ ఒకటి రెండు రోజులు నడిపి చూసి, ఆ తర్వాతే నాన్నగారి క్యాసెట్ పెట్టండి.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి, మోటారు తిరుగుడును చక్రాలకు చేర్చే రబ్బరు బెల్టు పోయి ఉండాలి. ఏళ్లు గడిస్తే రబ్బరు సాగిపోతుంది, లేదా కరిగి తారులా చక్రాలకు అంటుకుంటుంది. వెనక మూతను మెల్లగా తెరవండి, లోపలి తీగలు చాలా సన్నగా ఉంటాయి. ఆ జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్లతో పూర్తిగా తీసేయాలి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు జారి పాట ఊగుతుంది. పాత బెల్టు కరిగిపోతే కొలత ఎలాగంటారా? బెల్టు వెళ్లే దారి వెంట దారం చుట్టి కొలవండి. దారం 200 మిల్లీమీటర్లు వస్తే బెల్టు చుట్టుకొలత 185 నుంచి 190 దాకా ఉండాలి. మరీ బిగుతైతే మోటారు మీద భారం పడి వేగం తగ్గుతుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు మందం కూడా చెప్పండి. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌నూ, దాని పక్కనున్న ఇనుప కడ్డీనీ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు రోలర్‌కు తడిగుడ్డ చాలు.

ఆ తెల్లటి పొడి బూజు కావచ్చు. మన సముద్రపు గాలి తేమకు అది త్వరగా పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో మూత బిగించిన డబ్బాలో వారం ఉంచండి. ఆరాక ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. టేపు మీద నీళ్లు, ఆల్కహాల్ వేయొద్దు. స్క్రూలున్న క్యాసెట్ అయితే బల్ల మీద పడుకోబెట్టి విప్పి, హెడ్‌కు టేపును అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడిందేమో చూడండి. అది లేకపోతే శబ్దం మసకబారుతుంది. పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి, ముందు పెన్సిల్‌తో ఈ చివర నుంచి ఆ చివరకూ, మళ్లీ వెనక్కూ తిప్పండి. పై అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలూ విరిచేస్తే, పొరపాటున రికార్డు నొక్కినా పాట చెరగదు.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి యంత్రాల శబ్దం తీసుకునే రంధ్రానికి) తీగ కలపండి. మైకు రంధ్రానికి కలిపితే గొంతు పగులుతుంది. లైన్-ఇన్ లేకపోతే, ఆ సౌకర్యమున్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కొనాలి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44,100 హెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలుగా, అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పట్టండి. గంటకు సుమారు 600 ఎంబీ అవుతుంది. ఎంపీ3 దాని నకలుగానే ఉండాలి. అప్పట్లో పట్టిన యంత్రం వేరు కాబట్టి తాళం శబ్దం మొద్దుగా వినిపిస్తే, హెడ్ పక్కనున్న స్క్రూను వింటూ కొద్దికొద్దిగా తిప్పి, స్పష్టంగా వినపడినచోట ఆపండి.

ప్రశ్న: ఇంట్లో సి-120 (రెండు గంటల) క్యాసెట్లు కొన్ని ఖాళీగా ఉన్నాయి. రికార్డింగుకు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: వద్దు. ఎక్కువ నిడివి పట్టడానికి వాటి టేపును సి-60 దానిలో దాదాపు సగం మందంతో చేశారు. త్వరగా సాగుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది. సి-60 దొరికితే అదే మేలు.