దశమభాగం తీశాక ఇల్లు గడవడం లేదు

రాయగడ నుంచి రాసిన సోదరికి,

కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లే మీ భర్తకు నెలకు 18,000 రూపాయలు వస్తున్నాయని, ఏడాదిన్నరగా ఆయన జీతం అందిన రోజునే 1,800 రూపాయలు దశమభాగంగా, అంటే రాబడిలో పదో వంతుగా, చర్చి సంఘానికి ఇచ్చి మిగిలినదే మీ చేతిలో పెడుతున్నారని, అత్తగారి షుగరు మందులకూ గుణుపురంలో చదువుతున్న అబ్బాయి హాస్టలు ఖర్చుకూ చాలక మీరు ఆయనకు తెలియకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 రూపాయలు తెచ్చారని రాశారు. ఇప్పుడు జీతం పెరిగితే, మొదటి నెల పెరిగిన మొత్తమంతా ప్రథమఫలంగా, అంటే దేవునికిచ్చే తొలి రాబడిగా, ఇస్తానని ఆయన మ్రొక్కుకున్నారు. వద్దంటే దేవుని సొమ్ముకు అడ్డుపడిన పాపం తగులుతుందా అన్నది మీ ప్రశ్న.

తగలదమ్మా. ఈ మాట ముందుగానే చెబుతున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం నిండా లెక్కల కన్నా భయమే ఎక్కువగా ఉంది.

మీ భర్త చేస్తున్న పని వెనుక ఉన్న భక్తిని మాత్రం తక్కువ చేసి చూడకండి. రాబడిలో ప్రథమఫలంతో దేవుణ్ణి ఘనపరచమని బైబిలులోని సామెతల గ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. మిగిలితే ఇద్దామనుకున్నది ఎన్నడూ మిగలదు కాబట్టే ముందు తీసి పెట్టడం అనే నియమం పుట్టింది. ఒడిశాలో నువాఖాయి నాడు కొత్త బియ్యం ముందు దేవతకు పెట్టి ఆ తరువాతే ఇంటిల్లిపాదీ తినడం మీరు చూసే ఉంటారు. పండించినది తన కష్టం ఒక్కటే కాదని రైతు ఒప్పుకోవడం అందులో ఉంది, ఇశ్రాయేలు రైతు కోతలో మొదటి పనను (వెన్నుల కట్టను) అర్పించడంలోనూ అదే ఉంది.

అయితే మోషే ధర్మశాస్త్రాన్ని సగమే చదవకూడదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం మీరిద్దరూ కలిసి నెమ్మదిగా చదవండి. అక్కడ దశమభాగం ధాన్యం, ద్రాక్షారసం, నూనె. దానిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లి ఇంటివారందరూ కలిసి తిని సంతోషించాలని రాసి ఉంది. మూడేళ్లకొకసారి దానిని ఊళ్లోనే ఉంచి, దేవుని సేవ చేసే లేవీయులకూ పరదేశులకూ తండ్రిలేని వారికీ విధవరాండ్రకూ తృప్తిగా పెట్టాలి. ఇంటిని పస్తుంచి ఇవ్వమన్న మాట ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. మలాకీ ప్రవక్త గ్రంథం 3వ అధ్యాయాన్ని చూపించి, దశమభాగం ఇవ్వకపోతే శాపం తగులుతుందని మిమ్మల్ని ఎవరో భయపెట్టారు. ఆ ప్రవక్త అంతకు ముందు రెండు అధ్యాయాల్లో కుంటి పశువులను బలిపీఠం మీదికి తెచ్చిన యాజకులను గద్దించాడన్నది కూడా వారు చెప్పవలసింది.

యేసు ప్రభువు మాట మరీ స్పష్టం. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని కొర్బాను, అంటే దేవార్పితం అని చెప్పి తప్పించుకునేవారిని ఆయన మార్కు సువార్త 7వ అధ్యాయంలో తీవ్రంగా తప్పుపట్టారు. మీ అత్తగారి మందులు ఆ కోవలోకే వస్తాయి. సణుగుకోకుండా, బలవంతంగా కాకుండా, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్లు వారు ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాశాడు. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అర్పణ అంగీకారమవుతుందని కూడా రాశాడు. మిజోరాంలో 1910 నుంచి స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి దాచి ఇస్తున్నారు. అదీ మొదటి భాగమే, దానికి వడ్డీ కట్టనక్కరలేదు.

నాకు తోచింది ఇది. అప్పు తీరేవరకు 1,800కు బదులు 500 రూపాయలైనా మొదట తీసి, ఇద్దరి చేతుల మీదుగా ఇవ్వండి. ఆ 20,000కు నెలకు 600 రూపాయల వడ్డీ పోతోంది కాబట్టి, మిగిలిన 1,300లో వడ్డీ పోను 700 అసలుకు జమ చేయవచ్చు. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది. పెరిగిన జీతం గురించిన మ్రొక్కుబడి మీ భర్త మనస్సాక్షికి బరువుగా ఉంటే, మీ పాస్టరు గారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి ఇంటి పరిస్థితి దాచకుండా చెప్పండి. మంద క్షేమం కోరే కాపరి మీ అత్తగారి మందుల చీటీ చూశాక ఆ సొమ్ము అడగరని నా నమ్మకం. అడిగితే, ఆ మాట ఒక్కరిదే గాని సంఘానిది కాదనుకొని సంఘ పెద్దలతో మాట్లాడండి.

ఇక మీ విషయం. ఆయన మిమ్మల్ని అడగకుండా ఇచ్చారు, మీరు ఆయనకు చెప్పకుండా తెచ్చారు. ఏడాదిన్నరగా ఒకే ఇంట్లో రెండు లెక్కల పుస్తకాలు నడిచాయి. ఆయన ఇచ్చినదానిలో ప్రతి నెలా కొంత మీ అప్పు నుంచి వెళ్లిందన్న సంగతి తెలిస్తే ఆయనే బాధపడతారు, ఎందుకంటే అప్పు సొమ్ము అర్పించాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. నిందించే గొంతుతో కాకుండా, అత్తగారు నిద్రపోయాక, వడ్డీ చీటీ ముందు పెట్టి చెప్పండి. వచ్చే జీతం అందకముందే చెప్పండి.