యాక్సిల్ బూటు క్లిప్పులు బిగించడానికి ఏ పనిముట్టు కొనాలి?

ముందు చక్రం యాక్సిల్ బూటు, అంటే యాక్సిల్ కీలును కప్పి లోపలి గ్రీజును పట్టి ఉంచే మడతల తొడుగు, మీరే మార్చుకోబోతున్నారు. కిట్‌లో వచ్చిన రెండు క్లిప్పులు (బూటు పెద్ద అంచుకొకటి, చిన్న అంచుకొకటి) బిగించడానికి ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్ చాలదా, వేరే పనిముట్టు కొనాలా అని అడిగారు. చాలదు. చాలుననుకునే నేను ఒకే బూటు కోసం యాక్సిల్ షాఫ్టును మూడుసార్లు విప్పాను.

మూడేళ్ల కిందట అరకు వెళ్లి వచ్చాక ఎడమ ముందు చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి కనిపించింది. బూటు మడతలో చీలిక. కొత్త బూటు తొడిగి, క్లిప్పు మీద వంతెనలా లేచి ఉండే చెవిని కటింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కాను. చెవి ముడుచుకుంది కానీ దాని మొదట్లో సన్నటి గాటు పడింది. పట్టించుకోలేదు. పదిహేను రోజులకు రిమ్ము మళ్లీ నల్లబడింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 500 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ విసురుకు వెంట్రుకంత సందున్నా గ్రీజు బయటికి వచ్చేస్తుంది.

రెండోసారి రేడియేటర్ గొట్టాలకు వేసే మర క్లిప్పు వేశాను. అదీ తప్పే. మర ఉన్న చోట దిమ్మెలా పొడుచుకువస్తుంది, దాని కింద రబ్బరు మిగతా చోట్ల నొక్కుకున్నంత సమంగా నొక్కుకోదు. అక్కడి నుంచే కారింది.

కాబట్టి పనిముట్టు సంగతి తరువాత, ముందు మీ క్లిప్పు చూడండి. పైన చిన్న వంతెనలా చెవి లేచి ఉంటే, ఆ చెవి రెండు కాళ్లనూ పక్కల నుంచి దగ్గరికి నొక్కే పిన్సర్ కావాలి. చెవి లేకుండా చదునుగా ఉండి, కొక్కెం రంధ్రంలో పడే రకమైతే రెండు మొనలున్న ప్లయర్ వేరే దొరుకుతుంది. పిన్సర్ దానికి పనికిరాదు. పొడవాటి పట్టీ, బకిల్ వచ్చాయంటే పట్టీని లాగి బిగించి, మడిచి, కోసే పనిముట్టు ఉండాలి.

తరువాత బూటును వేలితో నొక్కండి. మెత్తటి రబ్బరైతే చెవి క్లిప్పుకు వడ్రంగులు మేకులు పీకే పట్టకారు సరిపోతుంది, ఒక్క మార్పుతో. దాని అంచులు పదునుగా ఉంటాయి, అలాగే వాడితే నా గాటు కథే. నేను సానరాయి మీద రెండు అంచులనూ గోటితో రాస్తే గీరుకోనంత గుండ్రంగా అరగదీశాను. మూడోసారి దానితోనే బిగించాను, ఇప్పటికీ కారలేదు. గట్టి ప్లాస్టిక్ బూటైతే మాత్రం ఈ పొదుపు వద్దు. దాన్ని కీలు మీది గాడిలో కూర్చోబెట్టడానికి చాలా ఎక్కువ బలం కావాలి. పొడవాటి పిడులుండి, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) పెట్టడానికి చతురస్రపు రంధ్రం ఉన్న ప్లయర్ కొనండి. ఖరీదు ఎక్కువే. రెండు చక్రాలకే అయితే గాజువాక ఆటోనగర్‌లో ఆ ప్లయర్ ఉన్న మెకానిక్ దగ్గరికి షాఫ్టు విప్పి పట్టుకుపోవడం మేలు.

మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు గాలి తగిలే చోట. మామూలు ఇనుప క్లిప్పులు ఇక్కడ తొందరగా తుప్పు పడతాయి. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలువే వేస్తాను. అవి లొంగడానికి మొరాయిస్తాయి, పిడులు పొట్టిగా ఉన్న ప్లయర్‌తో చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

బిగించే ముందు గాడిలోనూ బూటు పెదవి (అంచు) లోపలా గ్రీజు లేకుండా తుడవండి. ఎంత మంచి పనిముట్టు తెచ్చినా జిడ్డు మీద బూటు జారుతుంది. పెద్ద క్లిప్పు బిగించాక, చిన్న పెదవి కిందికి మొన లేని సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలిని సర్దుకోనివ్వండి. లేకపోతే బూటు బుడగలా ఉబ్బో, లోపలికి పీల్చుకుపోయో ఉంటుంది. సింహాచలం ఘాటులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా ఆ మడతలే ఒరుసుకుంటాయి. నొక్కాక చెవి కాళ్ల మధ్య ఎంత సందు మిగలాలో చాలా కార్ల సర్వీసు పుస్తకాల్లో మిల్లీమీటర్లలో ఇస్తారు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి చూసుకోండి. సందు ఎక్కువగా ఉంటే ఇంకొంచెం నొక్కవచ్చు. చెవి మీద గాటు కనిపిస్తే మాత్రం ఆ క్లిప్పు కోసి పారేసి కొత్తది వేయండి. అందుకే కొనేటప్పుడే ఒక క్లిప్పు అదనంగా తెచ్చుకోండి.