బెయిలు తేవద్దంటున్న తండ్రి

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్ల ఎనిమిది నెలలు. ఇంటర్ చదువుతున్నాడు. గొడవలో తోటి కుర్రాణ్ని కత్తితో పొడిచాడు. ఆ పిల్లాడు బతికి బయటపడ్డాడు. హత్యాయత్నం కేసు పెట్టారు. పెద్దవాళ్లలాగే విచారిస్తారని అందరూ భయపెడుతున్నారు. మావారేమో బెయిలు అక్కర్లేదు, లోపలుంటేనే బుద్ధొస్తుందంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాశారో చూడండి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పదహారు నిండినవాళ్లను పెద్దవాళ్లలా విచారించే వీలుంది. అయితే కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న నేరాలకే. హత్యాయత్నానికి గరిష్ఠ శిక్ష పెద్దదే గానీ ఏడేళ్ల కనీస శిక్షంటూ లేదు. అలాంటివి ఆ కోవలోకి రావని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వేరే సెక్షన్లు కలపకపోతే కేసు పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డులోనే తేలుతుంది. అక్కడ తప్పు రుజువై, అలాంటి పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహానికి పంపినా మూడేళ్లకు మించదు. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్ చాలు. నేరం జరిగిన రోజున ఎంత వయసన్నదే లెక్క.

పిల్లల విషయంలో బెయిలివ్వడమే నియమం. నేరస్థుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డనో అనిపిస్తేనే కారణం రాసి నిరాకరిస్తారు. ‘మాకొద్దు’ అని తండ్రే అంటే, వాణ్ని కనిపెట్టుకునేవాళ్లు లేరని బోర్డుకు అనిపించదూ? ఆయనకున్న కోపం సబబే. దాన్ని బోర్డు ముందు చూపిస్తే నష్టపోయేది పిల్లాడు. లాయరు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

అసలు ఇబ్బంది, పిల్లాడి ఇంటి పరిస్థితులు ఆరా తీసి బోర్డుకు చెప్పే ప్రొబేషన్ ఆఫీసరు వచ్చినప్పుడు. పదిహేను రోజుల్లో ఆయన సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. చాలా ఇళ్లలో ‘మావాడు బంగారం, ఏ అలవాటూ లేదు’ అని ఒకటే పాట. అప్పుడాయన కౌన్సెలింగుకో, వ్యసనం మాన్పించే చికిత్సకో ఏమని సిఫారసు చేస్తాడు? కత్తి ఎక్కడిది, ఎవరితో తిరిగేవాడు, ఎప్పట్నుంచి మాట తగ్గించాడు, ఇంట్లో దెబ్బలు తిన్నాడా... ఉన్నదున్నట్టు చెప్పండి. ‘గుర్తులేదని చెప్పు’ అంటూ వాడికి పాఠం మాత్రం నేర్పకండి.

గాయపడ్డ పిల్లాడి ఇంటికి రాజీకని పెద్దమనుషుల్ని పంపొద్దు. సాక్షుల్ని బెదిరించినట్టవుతుంది, బెయిలుకే ఎసరు.

విచారణ తేలేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో వాణ్ని మొదటిసారి కలిసినప్పుడు ‘ఎందుకు చేశావు’ అని నిలదీయకండి. నిద్ర పడుతోందా, ఎవరైనా కొడుతున్నారా, అది అడగండి. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి దొర్లినా, గేటు దాటకముందే సూపరింటెండెంటుకు రాసివ్వండి.