ప్రాజెక్టు మునుగుతోంది, మేనేజర్ వినడం లేదు: రాజీనామా చేసేయాలా?

ప్రశ్న: అమెరికా వచ్చి ఏడాదిన్నరైంది. హెచ్1బి వర్క్ వీసా మీద ఒక టెక్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా ప్రాజెక్టులో ఏం తయారుచేయాలన్నది మూడు నెలలకోసారి మారిపోతుంది, డెడ్‌లైన్ మాత్రం మారదు. ఇబ్బంది చెబితే మేనేజర్ "నెగటివ్‌గా మాట్లాడొద్దు" అంటారు. రిలీజ్ ఫెయిలైతే తప్పంతా టీమ్‌దే. రేపే రాజీనామా పెట్టేయాలనిపిస్తోంది. పెట్టేయనా?

జవాబు: రేపు మాత్రం పెట్టకండి. మీ కోపంలో న్యాయముంది. రాత్రీ పగలూ కష్టపడ్డ పని ఎవరికీ పనికిరాకుండా పోతుంటే కడుపు మండుతుంది. కానీ మన ఉద్యోగానికి వీసా ముడిపడి ఉంది, ముందు ఆ లెక్క చూసుకోవాలి.

హెచ్1బి మీద ఉన్నవాళ్లను కంపెనీ తీసేసినా, వాళ్లే మానేసినా గరిష్ఠంగా 60 రోజుల గడువు దొరుకుతుంది, ఆలోగా కొత్త ఉద్యోగం చూసుకోవాలి, స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే దేశం విడవాలి. 2017 జనవరి నుంచి ఈ నిబంధన ఉంది. ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రభుత్వ రికార్డు) అంతకన్నా ముందే ముగిసిపోతుంటే గడువు కూడా అక్కడితో సరి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. హెచ్4 (కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న భార్యాపిల్లల స్టేటస్ కూడా మీ స్టేటస్ మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ విషయం ఇంట్లో దాచకండి. అదే చేతిలో ఆఫర్ ఉంటే ఇంత టెన్షన్ లేదు. కొత్త కంపెనీ వేసిన పిటిషన్ యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ సంస్థ)కు అందితే చాలు, అప్రూవల్ రాకముందే చేరిపోవచ్చు. అందుకే వెతుకులాటంతా జీతం వస్తున్నప్పుడే చేయాలి.

గ్రీన్ కార్డు కోసమే ఓర్చుకుంటున్నాం అనే వాళ్లను చాలామందిని చూశాను. ఓర్చుకోవడంలో అర్థం ఉందో లేదో చెప్పేవి తేదీలే. ఐ-140 (గ్రీన్ కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యాక కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానాన్ని చెప్పే తేదీ) సాధారణంగా మీకే ఉంటుంది, అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటాక వెనక్కి తీసుకుంటే ఆరేళ్ల పరిమితి దాటి హెచ్1బి పొడిగించుకోవడానికి కూడా ఆ ఐ-140 పనికొస్తుంది. కొత్త కంపెనీలో పెర్మ్ (గ్రీన్ కార్డుకి తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్) మళ్లీ మొదలుపెట్టాలి గానీ క్యూలో మీ స్థానం పోదు. ఆ 180 రోజులకు రెండు నెలలే తక్కువైతే పళ్లు బిగపట్టి ఉండండి. పెర్మ్ అసలు మొదలే కాకపోతే మాత్రం ఇంకోటి ఆలోచించాలి. ప్రాజెక్టులు వరసగా మునుగుతున్న చోట లేఆఫ్‌లు రావచ్చు. గత ఆరు నెలల్లో అదే తరహా ఉద్యోగాల్లోంచి తీసేసిన వాళ్లుంటే, పెర్మ్ వేసే ముందు కంపెనీ వాళ్లకు సమాచారమిచ్చి పరిశీలించాలి. ఆ తలనొప్పి వద్దని చాలా కంపెనీలు పెర్మ్‌నే ఆపేస్తాయి. అంటే మీరు ఎదురుచూస్తున్నది అక్కడ మొదలే కాకపోవచ్చు.

ఇక మేనేజర్ సంగతి. మనవాళ్లలో ఎక్కువమంది మీటింగ్‌లో తలూపేసి, వీకెండ్ అంతా కూర్చుని అతుకులు వేస్తారు. పైవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రిలీజ్ పడిపోయిన రోజు "ముందే ఎందుకు చెప్పలేదు" అంటారు. "ఇది కుదరదు" అని ఊరుకుంటే నెగటివ్ అనే ముద్ర పడుతుంది. అందుకే ఎంచుకునే పని ఆయనకే వదలండి: "ఈ తేదీకి రెండు ఫీచర్లలో ఒకటే అవుతుంది, ఏది ముందు కావాలి?" నోటితో మాట్లాడుకున్నాక, అనుకున్నదేమిటో నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. అందులో కోపం ఉండకూడదు, తేదీలు ఉండాలి. రేపు తప్పు మీ మీదకి నెడితే మీ తరఫున మాట్లాడేది ఆ మెయిలే. ఆఫీసు ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకండి. ఆ ఒక్క కారణంతోనే ఉద్యోగం తీసేయగలరు. పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను పత్రం), ఐ-797 (పిటిషన్ అప్రూవల్ నోటీసు), ఆఫర్ లెటర్ మీవే కాబట్టి వాటి కాపీలు ఇంట్లో పెట్టుకోండి.

కంపెనీ మంచిదే, టీమ్ ఒక్కటే చెడ్డదైతే ముందు టీమ్ మారడానికి ప్రయత్నించండి. పని స్వభావం బాగా మారినా, ఆఫీసు వేరే నగర ప్రాంతానికి మారినా హెచ్1బిని సవరించాల్సి రావచ్చు. ఒప్పుకునే ముందే అడగండి. పిప్ (పనితీరు మెరుగుపరచుకోమని ఇచ్చే గడువు నోటీసు) చేతికొస్తే మాత్రం నిలబెట్టుకునే ప్రయత్నం చేస్తూనే ఆ సాయంత్రం నుంచే ఇంటర్వ్యూలకు సిద్ధం కండి.

రాజీనామా మెయిల్ పంపే ముందు ఒకసారి సొంత ఖర్చుతో బయటి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఆఫీసు లాయర్‌కు ఫీజు కట్టేది కంపెనీ, ఆయన ముందు చూసుకునేది కంపెనీ మేలే. ఆ బయటి లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఐ-94, ఐ-797, ఐ-140 ఉంటే దాని కాపీ పట్టుకెళ్లి, ఆఖరి పనిరోజు ఏ తేదీగా పెట్టుకోవాలో ఆయన్నే అడగండి.